ఏసీపీఐ ఎర్రర్లు: బోర్డు పోయిందనే తొందర తీర్పు

కంప్యూటర్ ఆన్ చేశాక ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా లేచేలోపు, నల్లని తెర మీద తెల్లని అక్షరాలతో ‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అనే వరుసలు కొన్నిసార్లు కనిపిస్తాయి. లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్‌లలో ఇది రోజూ కనిపించే దృశ్యం. విండోస్‌లో అరుదు గానీ, వచ్చినప్పుడు ‘స్టాప్ కోడ్ ఏ5’ పేరుతో నీలి తెరగా వచ్చి యంత్రాన్ని అక్కడే ఆపేస్తుంది. వీటి గురించి రిపేర్ షాపుల్లోనూ, కంప్యూటర్ తెలిసినవాళ్లుగా పేరున్న కుర్రాళ్లలోనూ ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. దానికి మూడు కొమ్మలు. బోర్డు పోయిందనేది మొదటిది. ఫార్మాట్ కొడితే సరిపోతుందనేది రెండోది. బూట్ లైన్‌లో ‘ఏసీపీఐ=ఆఫ్’ అని రాస్తే పీడ విరగడవుతుందనేది మూడోది. ఈ మూడూ తప్పే. మూడోది తప్పు మాత్రమే కాదు, హానికరం కూడా.

నగరంలో ఇలాంటి తీర్పు తప్పయినా సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది, ఇంకో షాపు పక్క వీధిలోనే ఉంటుంది. సంగారెడ్డి జిల్లాలో మంజీర ఒడ్డున ఉన్న బోరంచ లాంటి ఊళ్లో ఆ వీలు లేదు. ఊరివాళ్లు నారాయణఖేడ్ వెళ్లాలి, అక్కడ ‘చిప్ లెవల్’ పని కుదరదంటే బీదర్‌కో, నూరు కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌కో పంపాలి. బోర్డు పోయిందన్న ఒక్క మాటతో ఒక విద్యార్థి ల్యాప్‌టాప్ అటక ఎక్కుతుంది, లేదా అనవసరమైన బోర్డు కొనుగోలుకు దారితీస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. విండోస్ 11 అర్హతకు నోచుకోని యంత్రాల్లో లినక్స్ వేయడం అప్పటి నుంచి పెరగక తప్పదు. ఇప్పటిదాకా విండోస్ దాచి ఉంచిన ఎర్రర్ వరుసలు ఆ యంత్రాల యజమానుల కంట మొదటిసారి పడుతున్నది ఇప్పుడే. తప్పుడు తీర్పు ఖరీదు పెరిగే కాలం ఇది.

ఏసీపీఐ అనేది చిప్పు కాదు, సర్క్యూటూ కాదు. ఫర్మ్‌వేర్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబర్‌లో దీని మొదటి కూర్పును విడుదల చేశాయి. 2013 నుంచి దీని బాగోగులు యూఈఎఫ్‌ఐ ఫోరమ్ చూస్తోంది. అంతకుముందు, 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతి ఉండేది. అందులో కరెంటు పొదుపు నిర్ణయాలు చాలావరకు బయోస్ తనంతట తాను తీసుకునేది. డిస్క్ ఎప్పుడు ఆపాలి, తెర ఎప్పుడు ఆర్పాలి అన్నవి తరచూ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే జరిగిపోయేవి. ఏసీపీఐ ఆ అధికారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చింది. బదులుగా ఫర్మ్‌వేర్ ఒక పని చేయాలి: బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుంది, దాన్ని ఎలా నిద్రపుచ్చాలి, ఎలా లేపాలి, ఫ్యాన్ ఏ వేడి దగ్గర తిరగాలి, బ్యాటరీ ఎంత మిగిలిందో ఎవరిని అడగాలి అన్నవన్నీ పట్టికలుగా రాసి మెమరీలో పెట్టాలి. వాటిలో ముఖ్యమైనది డీఎస్‌డీటీ, దానికి అనుబంధాలు ఎస్‌ఎస్‌డీటీలు. ఈ పట్టికల్లో ఉండేది వట్టి సమాచారం కాదు, ఏఎంఎల్ అనే బైట్‌కోడ్‌లో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు. ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉండే ఇంటర్‌ప్రెటర్ వాటిని చదివి నడిపిస్తుంది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీలు ఇంటెల్ తయారుచేసిన ఏసీపీఐసీఏ అనే ఇంటర్‌ప్రెటర్‌ను వాడుతున్నాయి. మైక్రోసాఫ్ట్‌కు సొంతది ఉంది.

బూట్ సమయంలో కనిపించే ఎర్రర్ల పుట్టుక ఈ ఏర్పాటులోనే ఉంది. కంపెనీ ప్రతి మోడల్‌కూ పట్టికలు మొదటి నుంచి రాయదు. ఒక కుటుంబంలోని పదిరకాల ల్యాప్‌టాప్‌లకు ఒకే మూలం నుంచి ఫర్మ్‌వేర్ తయారవుతుంది. ఒక మోడల్‌లో రెండో గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. పట్టికలో మాత్రం దాని ప్రస్తావన మిగిలిపోతుంది. ఇంటర్‌ప్రెటర్ ఆ పేరు కోసం వెతికి, దొరక్క, ‘ఏఈ నాట్ ఫౌండ్’ అని నమోదు చేస్తుంది. ఒకే యూఎస్‌బీ పోర్టును రెండు పట్టికలు రెండుసార్లు ప్రకటిస్తే ‘ఏఈ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్’ అంటుంది. ఫర్మ్‌వేర్ రాసిన ఇంజినీరు దస్తావేజులో చేసిన రాతతప్పు ఇది, అంతే. పహాణీలో సర్వే నంబరు తప్పు పడినంత మాత్రాన పొలం ఎండిపోదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూడటం మంచిది. ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో ఎంతోమందికి ఎదురైన వరుస ఒకటుంది: సాటా పోర్టు పేరు, దాని కింద ‘జీటీఎఫ్’ అనే మెథడ్, అందులో ‘డీఎస్‌ఎస్‌పీ’ అనే పేరు దొరకలేదు, కాబట్టి మెథడ్‌ను మధ్యలో ఆపేశాం అని దాని సారాంశం. సాటా అన్న మాట కంటపడగానే హార్డ్‌డిస్క్ పోయిందని తేల్చేవాళ్లు ఉన్నారు. డిస్క్ మార్చాక కూడా అదే వరుస అదేచోట కనిపిస్తే అప్పుడు బోర్డు మీద పడతారు. ఆ మెథడ్ చేసే పని చిన్నది. డిస్క్ మేల్కొన్నప్పుడు దానికి పంపాల్సిన కొన్ని ఆదేశాల జాబితాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇస్తుంది. జాబితా అందకపోతే లినక్స్ తన సొంత పద్ధతిలో డిస్క్‌ను సిద్ధం చేసుకుంటుంది. డిస్క్ బాగానే ఉంది, బోర్డు బాగానే ఉంది, పట్టికలో ఒక పేరు మాత్రమే లేదు.

బోర్డు పోయిందన్న వాదానికి సమాధానం ఆ ఎర్రర్ వరుసలోనే ఉంది. అది తెర మీద కనిపించాలంటే ప్రాసెసర్ పనిచేయాలి, మెమరీ పనిచేయాలి, ఫర్మ్‌వేర్ తన పరీక్షలు ముగించాలి, డిస్క్ నుంచి బూట్‌లోడర్ లేవాలి, కెర్నల్ మెమరీలోకి ఎక్కాలి, గ్రాఫిక్స్ అక్షరాలు గీయాలి. ఇవన్నీ జరిగాకే కెర్నల్‌కు పట్టికలు చదివే తీరిక దొరుకుతుంది. అంటే ఆ వరుసను బోర్డు చావుకు సాక్ష్యంగా చూపేవాళ్లు నిజానికి అది బతికి ఉందనడానికి సాక్ష్యం చూపుతున్నారు. పోయిన బోర్డు ఎర్రర్ రాయదు. నల్లగా ఉండిపోతుంది, లేదంటే బీప్ కొడుతుంది.

దీనికి వోల్టేజీని ముడిపెట్టడం ఇంకో అలవాటు. మంజీర వెంట మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో, కంప్యూటర్‌కు ఏం జరిగినా కరెంటు మీదికే నెట్టడం సహజం. ‘పవర్ మేనేజ్‌మెంట్’ అన్న మాటలో పవర్ ఉండటం ఆ అనుమానానికి బలం ఇస్తుంది. కానీ ల్యాప్‌టాప్ అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతాయి. అంతకన్నా బలమైన ఆధారం ఎర్రర్ల క్రమశిక్షణ. అవే వరుసలు, అదే వరుసక్రమంలో, కెర్నల్ మొదలైన దాదాపు అదే క్షణాన, ప్రతి బూట్‌లోనూ వస్తాయి. వానాకాలమైనా ఎండాకాలమైనా, ఇన్వర్టర్ మీదైనా లైన్ మీదైనా మారవు. కరెంటు దోషం ఇంత నియమంగా రాదు. అది ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు, ఒక్కోసారి ఒక్కో చోట వస్తుంది. ప్రతిసారీ ఒకే చోట వచ్చేది రాతలో ఉన్న తప్పే.

విండోస్‌లో ఇదే గందరగోళం ‘కెర్నల్ పవర్, ఈవెంట్ 41’ చుట్టూ అల్లుకుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచిన ప్రతివాడూ ఎర్రగా కనిపించే ఈ నమోదును పట్టుకుని ఎస్‌ఎంపీఎస్ పోయిందనో, పవర్ ఐసీ పోయిందనో అంటాడు. ఈ ఈవెంట్ చెప్పేది ఒక్కటే: క్రితంసారి యంత్రం పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే నీలి తెర నమోదు కాలేదని అర్థం. అంటే కరెంటు పోయి ఉండవచ్చు, ఎవరైనా బటన్ నొక్కిపట్టి ఆపి ఉండవచ్చు, యంత్రం బిగుసుకుపోయి ఉండవచ్చు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఉన్న ఊళ్లో కరెంటు పోయిన ప్రతిసారీ ఒక ఈవెంట్ 41 చేరుతుంది. అది రోగం పేరు కాదు, హాజరుపట్టీలో పడిన గైర్హాజరు. కోడ్ సున్నా కానప్పుడే దాని వెంట పోవాల్సిన అవసరం ఉంది.

అయినా చాలామంది అనుభవం వేరేలా చెబుతుంది: ‘ఏసీపీఐ ఎర్రర్ వచ్చింది, అక్కడే ఆగిపోయింది, ఇంక లేవలేదు’. ఈ సాక్ష్యం అబద్ధం కాదు, అసంపూర్ణం. లినక్స్ పంపిణీలు చాలావరకు కెర్నల్‌ను ‘క్వైట్’ అనే మాటతో మొదలుపెడతాయి. అప్పుడు మామూలు సమాచారం, హెచ్చరికలు తెర మీదికి రావు. ఎర్రర్ స్థాయికి ఎదిగినవి మాత్రమే వస్తాయి. కెర్నల్ లెక్కలో ఏసీపీఐ రాతతప్పులు ఎర్రర్ స్థాయివే. ఫలితంగా వందల వరుసలు మౌనంగా దాటిపోతాయి, ఈ నాలుగు వరుసలే తెర మీద నిలుస్తాయి. ఆ తర్వాత పది సెకన్లకు గ్రాఫిక్స్ డ్రైవర్ బిగుసుకున్నా, డిస్క్ మీద ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నా, తెర మీద చివరగా మిగిలి ఉండేది ఏసీపీఐ వరుసే. దొంగ పారిపోయాక వీధిలో నిలబడ్డవాణ్ణి పట్టుకున్నట్టవుతుంది. ఎన్విడియా చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఈ పొరపాటు మరీ ఎక్కువ: తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది, నింద ఫర్మ్‌వేర్‌ది. ఈ వరుసలు జనాన్ని ఉత్తినే భయపెడుతున్నాయని గ్రహించే, ‘క్వైట్’ ఉన్నప్పుడు ఏ స్థాయి వరకు చూపాలో పంపిణీదారులే నిర్ణయించుకునే వీలును 2018లో కెర్నల్‌లో పెట్టారు. ఫెడోరా ఆ వీలును వాడుకుని వీటిని తెర మీద కనిపించకుండా చేసింది.

కాబట్టి తెర మీద ఆగిన వరుసను బట్టి కారణం తేల్చడం కుదరదు. గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూలో ‘ఈ’ కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ‘క్వైట్’, ‘స్ప్లాష్’ అన్న రెండు మాటలు తీసేసి, ఎఫ్10 నొక్కి బూట్ చేస్తే అన్ని వరుసలూ కనిపిస్తాయి. అప్పుడు నిజంగా చివర ఆగినదేదో తెలుస్తుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, దేన్నీ పాడుచేయదు. షాపులో ఒక ఫీజు తీసుకుని ‘బోర్డు’ అని చెప్పేముందు ఈ పాటి పని చేయడం కష్టం కాదు. చేయకపోవడం అలవాటు మాత్రమే.

ఫార్మాట్ కొట్టడం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఏసీపీఐ పట్టికలు ఉండేది బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో. ఫార్మాట్ కొట్టేది డిస్క్‌ను. ఎన్నిసార్లు ఓఎస్ కొత్తగా వేసినా అవే పట్టికలు, అవే తప్పులు, అవే వరుసలు. ఫార్మాట్ వల్ల తగ్గిందని ఎవరైనా చెబితే, తగ్గింది వేరే జబ్బు. పోయినవి మాత్రం ఫొటోలూ, పట్టా కాగితాల స్కాన్లూ.

ఇక ‘ఏసీపీఐ=ఆఫ్’. ఈ చిట్కాకు ఒక చరిత్ర ఉంది, అది ఒకప్పుడు తెలివైనదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, నీలి తెర మీద ఎఫ్6 నొక్కమన్న సూచన కనిపించే సమయంలో ఎఫ్7 నొక్కితే ఏసీపీఐ లేకుండా ఇన్‌స్టాల్ అయ్యేది. ఆనాటి బయోస్‌లలో ఏసీపీఐ సగం సగంగా ఉండేది, పాత పద్ధతి కూడా పక్కనే బతికి ఉండేది. అందుకే ఆపేసినా యంత్రం నడిచేది. నష్టమల్లా షట్‌డౌన్ చేశాక ‘ఇప్పుడు కంప్యూటర్ ఆపుకోవచ్చు’ అన్న సందేశం తెర మీద నిలబడటం, బటన్ చేత్తో నొక్కాల్సి రావడం. ఆ తరం మెకానిక్‌ల చేతిలోంచి చిట్కా లినక్స్ తరానికి వచ్చింది. యంత్రాలు మారాయి, చిట్కా మారలేదు. విస్టా నుంచి విండోస్ ఏసీపీఐ లేనిదే లేవడం మానేసింది. పాత పద్ధతిలో పరికరాలను వివరించే పట్టికలను బోర్డుల తయారీదారులు క్రమంగా వదిలేశారు.

ఈనాటి ల్యాప్‌టాప్‌లో ఏసీపీఐని మొత్తంగా ఆపితే ఏమవుతుందో లెక్క వేయాలి. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నాయో చెప్పేది ఏసీపీఐ పట్టికే. అది చదవకపోతే చాలా యంత్రాల్లో ఒక్క కోరే పనిచేస్తుంది. నాలుగు కోర్ల యంత్రానికి డబ్బు కట్టి ఒక కోరు వాడుకోవడమన్నమాట. ఇంటరప్ట్‌ల దారులు తెలియక వైఫైయో, యూఎస్‌బీయో మూగబోతుంది. కొత్త టచ్‌ప్యాడ్‌లు ఏసీపీఐ చెబితే తప్ప ఉన్నాయని తెలియదు. బ్యాటరీ శాతం కనిపించదు, మూత మూసినా నిద్రపోదు, షట్‌డౌన్ చేసినా లైటు ఆరదు. ప్రాసెసర్ వేగం తగ్గించుకునే దారి మూసుకుపోతుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడూ వేడెక్కుతుంది. ఫ్యాన్‌ను చాలా యంత్రాల్లో ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ సొంతంగా నడుపుతుంది గానీ, కొన్ని మోడళ్లలో ఆ పని ఏసీపీఐ మెథడ్‌ల చేతిలో ఉంటుంది. అక్కడ వేడి అదుపు కూడా పోతుంది. నారాయణఖేడ్ మే నెల ఎండలో ఇది పుస్తకాల్లో మాట కాదు.

‘ఆపితే లేచింది కదా’ అన్నది ఈ చిట్కాకు మద్దతుగా వినిపించే బలమైన వాదన. లేవడం నిజమే. ఏసీపీఐ ఆగితే దాని మీద ఆధారపడ్డ డ్రైవర్లలో చాలావరకు మొదలుకావు. వాటిలో బిగుసుకునే డ్రైవర్ కూడా ఉంటే అదీ మొదలుకాదు. రోగం ఎక్కడుందో తెలియదు కాబట్టి మొత్తానికీ మత్తు ఇచ్చి, నొప్పి పోయిందని చెప్పడం ఇది. పరీక్ష కోసం ఒక్కసారి అలా బూట్ చేయడంలో తప్పు లేదు, దోషం ఏ దిక్కున ఉందో కొంత తెలుస్తుంది. దాన్నే శాశ్వతంగా గ్రబ్‌లో రాసి యంత్రాన్ని యజమాని చేతికివ్వడమే ఖండించాల్సిన పని.

లినక్స్‌నే తప్పుపట్టే వాదం ఇంకొకటి: విండోస్‌లో ఈ ఎర్రర్లు రావు కాబట్టి దోషం లినక్స్‌ది అని. దీనికి ఎదురుగా, కంపెనీలు కావాలనే లినక్స్‌ను దెబ్బతీస్తున్నాయనే వాదం. రెండింటికీ కొంత ఆధారం ఉంది, రెండూ అతిశయోక్తులే. విండోస్ తన ఏసీపీఐ ఫిర్యాదులను తెర మీద కాక ఈవెంట్ లాగ్‌లో రాస్తుంది. ఎంబెడెడ్ కంట్రోలర్ గడువులోగా బదులివ్వలేదని చెప్పే ఈవెంట్ 13 అక్కడ చూస్తే కనిపిస్తుంది. పైగా ఫర్మ్‌వేర్ విండోస్ మీద లేస్తే చాలని పరీక్షలు ముగించే కంపెనీలు ఎక్కువ. పట్టికలను ఏఎంఎల్‌గా మార్చే మైక్రోసాఫ్ట్ కంపైలర్ చూసీచూడనట్టు వదిలేసే తప్పులను ఇంటెల్ కంపైలర్ పట్టుకుంటుంది. కుట్ర వాదానికి ఆధారంగా 1999 జనవరిలో బిల్ గేట్స్ రాసిన అంతర్గత లేఖను చూపుతారు. ఏసీపీఐని విండోస్‌కే పరిమితం చేసే దారి ఉందా అని ఆయన అందులో ఆలోచించిన మాట వాస్తవం, అమెరికాలోని అయోవాలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసులో అది బయటపడింది. కానీ ఏసీపీఐ బహిరంగ ప్రమాణంగానే మిగిలింది. 2008 జులైలో ఫాక్స్‌కాన్ బోర్డు ఒకటి లినక్స్‌కు కావాలనే చెడ్డ పట్టికలు ఇస్తోందని ఒక ఉబుంటు వినియోగదారు ఆరోపించినప్పుడు పెద్ద దుమారం రేగింది. కెర్నల్ డెవలపర్ మాథ్యూ గారెట్ ఆ కోడ్‌ను విడదీసి చూసి, కుట్ర కాదు, రాతలో అలసత్వమేనని వివరించారు. ఫాక్స్‌కాన్ సవరించిన బయోస్ ఇచ్చింది.

ఆ వివరణలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పట్టికలు ‘నువ్వు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌వి?’ అని ఓఎస్‌ఐ అనే మెథడ్ ద్వారా అడుగుతాయి. ‘లినక్స్’ అని అడిగితే లినక్స్ కెర్నల్ 2007 నుంచి కాదంటోంది. ‘విండోస్ 2009’, ‘విండోస్ 2012’, ‘విండోస్ 2015’ అని అడిగితే అన్నింటికీ అవునంటుంది. ఇది మోసం కాదు, ముందుచూపు. కంపెనీ పరీక్షించిన దారి విండోస్ దారి మాత్రమే కాబట్టి, పరీక్షించని దారిలోకి వెళ్లకుండా ఉండటమే క్షేమం. ‘ఏసీపీఐ ఓఎస్‌ఐ లినక్స్’ అనే పారామీటర్ చేర్చమని పాత సలహాల్లో కనిపిస్తుంది. ఈ కారణం తెలిసినవాళ్లు ఆ సలహా ఇవ్వరు.

తప్పు ఎక్కడుందో తెలిశాక, సరిచేసే క్రమం చిన్నదాని నుంచి పెద్దదానికి సాగాలి. ముందు యంత్రం నిజంగా ఏ పనిలో విఫలమవుతోందో చూడాలి. అన్నీ పనిచేస్తూ వరుసలు మాత్రమే కనిపిస్తుంటే చేయాల్సింది ఏమీ లేదు. ఇదే ఎక్కువమంది ఒప్పుకోని మాట. ఎర్రర్ అన్న పేరున్న దాన్ని వదిలేయడం చేతకానితనంలా అనిపిస్తుంది గానీ, బాగా నడిచే యంత్రానికి వైద్యం చేయకపోవడం కూడా నైపుణ్యమే.

యంత్రం లేవడంలోనే తేడా ఉంటే, విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌ను ముందు అనుమానించాలి. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నల్‌ను డిస్క్ మీద దాచి, మళ్లీ ఆన్ చేస్తే అక్కడి నుంచే లేస్తుంది. డ్రైవర్ చెడు స్థితిలో ఇరుక్కుంటే అదే స్థితి మరుసటి రోజూ లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. షట్‌డౌన్ కన్నా రీస్టార్టే గట్టి శుద్ధి అన్న విషయాన్ని మెకానిక్‌లలోనూ చాలామంది నమ్మరు.

తర్వాత ఎంబెడెడ్ కంట్రోలర్. బ్యాటరీ, మూత, ఫ్యాన్, పవర్ బటన్ అన్నీ దాని ఆధీనంలో ఉంటాయి, యంత్రం ఆఫ్‌లో ఉన్నా దానికి కరెంటు అందుతూనే ఉంటుంది. అది చిక్కుకుపోతే ఎన్ని రీస్టార్ట్‌లు చేసినా విడవదు. చార్జర్ పీకి, తీయగల బ్యాటరీ ఉంటే తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టడం అనే ఊరి చిట్కా ఇక్కడ నిజంగా పనిచేస్తుంది. మిగిలిన చార్జ్ ఖాళీ అయి కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఈ చిట్కాను చదువుకున్నవాళ్లు వెక్కిరించడం అన్యాయం.

డెస్క్‌టాప్‌లలో బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీని కూడా చూడాలి. అది 3 వోల్టులది. అయిపోయాక కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి, తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. దాంతోపాటు డిస్క్ నడిచే విధానం మారిపోతే విండోస్ స్టాప్ కోడ్ 7బీ చూపి ఆగిపోతుంది. కరెంటు వచ్చిపోయే ఊళ్లో ఈ జబ్బు ‘పవర్ ఫాల్ట్’ పేరుతో షాపుకు చేరుతుంది. దానికి మందు చేతిగడియారాల కొట్లోనూ దొరుకుతుంది.

అసలైన మందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్. తప్పు రాసినవాళ్లే దిద్దాలి. స్టాప్ కోడ్ ఏ5 వచ్చిన యంత్రానికి దాదాపు మరో దారి లేదు, దాని మొదటి పారామీటర్ ఏ రకం ఉల్లంఘనో చెబుతుంది. లినక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే సాధనం, 2015లో మొదలైన ఎల్‌వీఎఫ్‌ఎస్ అనే గిడ్డంగి ద్వారా, చాలా కంపెనీల ఫర్మ్‌వేర్‌ను నేరుగా వేయగలదు. బయోస్ జోలికి పోవద్దనే భయానికి మాత్రం బోరంచలో న్యాయమైన కారణం ఉంది: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోవచ్చు. ఆ భయానికి విరుగుడు అప్‌డేట్ మానేయడం కాదు. ల్యాప్‌టాప్ అయితే పనిచేసే బ్యాటరీ, చార్జర్ రెండూ ఉండాలి. చాలా కంపెనీల సాధనాలు అవి లేకపోతే ముందుకే పోవు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ మీద చేస్తే దాని వెనక ఉండే స్విచ్చిని ‘యూపీఎస్’ వైపు పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే క్షణంలో డెస్క్‌టాప్ రీసెట్ అయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్‌ను నారాయణఖేడ్‌లో యూపీఎస్ ఉన్నచోటికి తీసుకెళ్లి చేయించడం మేలు.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడళ్లకు ఇరుకైన పారామీటర్లు ఉన్నాయి. మొత్తం ఏసీపీఐని ఆపకుండా, తప్పున్న చోటే తప్పించుకునేవి ఇవి. పైన చెప్పిన సాటా వరుసకు ‘లిబ్‌ఏటీఏ.నోఏసీపీఐ=1’ చాలు. తెర వెలుతురు పనిచేయకపోతే ‘ఏసీపీఐ బ్యాక్‌లైట్’ విలువ మార్చాలి. కొత్త విండోస్ పేరుకు అవునన్నప్పుడే చెడుదారి పట్టే యంత్రాలకు ఆ ఒక్క పేరునే కాదనేలా చెప్పవచ్చు. బూట్ అయ్యాక ఒక కోరు ఊరికే వంద శాతం తిరుగుతూ ఫ్యాన్ హోరెత్తితే, ఏదో ఒక జీపీఈ, అంటే పరికరాలు ఏసీపీఐకి సంకేతం పంపే దారి, ఆగకుండా ఇంటరప్ట్‌లు కురిపిస్తోందని అనుమానించాలి. కెర్నల్ తన వివరాలు చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఏసీపీఐ ఇంటరప్ట్‌ల లెక్కలో వేగంగా పెరుగుతున్న ఆ ఒక్క సంఖ్యను చూసి, ‘ఏసీపీఐ మాస్క్ జీపీఈ’తో దాన్ని మాత్రమే మూయవచ్చు. పట్టికల్లో ఎన్ని తప్పులున్నాయో, వాటిలో పట్టించుకోవాల్సినవేవో తేల్చడానికి ఉబుంటువాళ్లు తయారుచేసిన ఎఫ్‌డబ్ల్యూటీఎస్ అనే పరీక్షల సముదాయం ఉంది.

హార్డ్‌వేర్ నిజంగా దెబ్బతిన్న సందర్భాలు ఉండవని కాదు. ఎర్రర్ల జాబితా బూట్‌బూట్‌కూ మారుతుంటే, చల్లగా ఉన్నప్పుడు లేచి వేడెక్కాక లేవకపోతే, బయోస్ సెటప్ తెరలోనే యంత్రం ఆగిపోతే, మెమరీ పరీక్షలో తప్పులు వస్తే, అప్పుడు బోర్డునో, ర్యామ్‌నో, పవర్ సరఫరానో అనుమానించాలి. సెటప్ తెరలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, ఏసీపీఐ పట్టికలు చదివేవాళ్లూ ఉండరు. అక్కడా అరగంట నిలవని యంత్రం చిప్ లెవల్ షాపుకు వెళ్లాల్సిందే.

చిట్టచివరి ఉపాయం డీఎస్‌డీటీని విడదీసి, తప్పు దిద్ది, ఇంటెల్ ఐఏఎస్‌ఎల్ కంపైలర్‌తో మళ్లీ కూర్చి, బూట్ సమయంలో అసలు పట్టికకు బదులు దాన్ని కెర్నల్‌కు ఇవ్వడం. సెక్యూర్ బూట్ అమల్లో ఉంటే కెర్నల్ దీన్ని ఒప్పుకోదు. ఒప్పుకున్నప్పుడు కూడా పట్టిక మార్చిన యంత్రమని తనలో గుర్తు వేసుకుంటుంది, డెవలపర్లకు లోపం నివేదించినప్పుడు ఆ గుర్తు బయటపడుతుంది. దిద్దిన పట్టిక ఆ ఒక్క బయోస్ కూర్పుకే సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ఫర్మ్‌వేర్ మార్చినా, ర్యామ్ పెంచినా, పాత పట్టికలోని చిరునామాలు కొత్తవాటితో కలవకపోవచ్చు. అందుకే అప్‌డేట్ వేసే ముందు ఆ పట్టికనూ, గ్రబ్‌లో చేర్చిన పారామీటర్లనూ తీసేసి ఒకసారి ఖాళీగా బూట్ చేసి చూడాలి. కొత్త ఫర్మ్‌వేర్‌లో తప్పు దిద్ది ఉంటే వాటిని మళ్లీ పెట్టనక్కర్లేదు.